నెలల తరబడి నిలిచే కారు: సూరత్ సెలవుల్లో బ్యాటరీని కాపాడుకునే తీరు

దీపావళికి మూతపడిన సూరత్ వస్త్ర మార్కెట్లలో మళ్లీ సందడి మొదలయ్యేది లాభ పంచమి నుంచే. మగ్గాలు ఆగే ఆ రోజుల్లోనూ, వేసవి పెళ్లిళ్ల కాలంలోనూ లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు, రైలెక్కి స్వస్థలాలకు తరలుతారు. కారు మాత్రం అపార్ట్‌మెంట్ కింద దుమ్ము కప్పుకొని ఉండిపోతుంది. తిరిగి వచ్చాక తాళం తిప్పితే టిక్ టిక్‌మనే శబ్దమే తప్ప ఇంజన్ కదలదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత ఈ అనుభవం ఊరెళ్లని వారికి కూడా ఎదురైంది. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసిన వేళ ఇలా జరిగితే అది చిన్న ఇబ్బందిగా మిగలదు.

తాళం తీసినంత మాత్రాన కారులో విద్యుత్తు వాడకం ఆగిపోదు. గడియారం, దొంగల అలారం, రిమోట్ తాళం సంకేతాన్ని అందుకునే పరికరం, ఇంజన్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి నిరంతరం కొద్దికొద్దిగా విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి. సాధారణంగా ఇది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.72 ఆంపియర్ అవర్, నెలకు దాదాపు 22 ఆంపియర్ అవర్ ఖర్చవుతుంది. చిన్న కార్లలో కనిపించే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఇది సగానికి మించిన భాగం. తరువాత అమర్చుకున్న జీపీఎస్ ట్రాకర్, డ్యాష్ కెమెరా వంటివి నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది. రిమోట్ తాళాన్ని కారు పక్కనే వదలడం కూడా మంచిది కాదు. తాళం దగ్గరగా ఉందని గ్రహించిన కొన్ని కార్లు పూర్తిగా నిద్రలోకి జారుకోవు.

తీగలన్నీ విప్పేసినా బ్యాటరీ తనంతట తాను కొంత శక్తిని కోల్పోతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన సీసం, ఆమ్లం బ్యాటరీకి ఈ స్వభావం పుట్టుకతోనే ఉంది. వేడి పెరిగిన కొద్దీ ఈ నష్టం వేగవంతమవుతుంది కనుక ఎండలో నిలిపిన కారు కన్నా నీడలో నిలిపినది మేలు. అసలు ముప్పు దిగిపోయిన తరువాత మొదలవుతుంది. చార్జింగ్ లేకుండా రోజులు గడిస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. అలా గట్టిపడిన దానిని సాధారణ చార్జర్ కరిగించలేదు. ఒక్కసారి పూర్తిగా దిగి నెలల పాటు అలాగే పడి ఉన్న బ్యాటరీ మళ్లీ పాత సామర్థ్యానికి రావడం అరుదు.

పరిస్థితిని తెలుసుకోవడానికి ఒక మల్టీమీటర్ చాలు. కారు ఆపి కొన్ని గంటలైన తరువాత కొలిస్తే, పూర్తి చార్జితో ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్లే. ప్రయాణానికి ముందే 12.4 కన్నా తక్కువగా ఉంటే చార్జ్ చేయించి వెళ్లడం ఉత్తమం.

రెండు మూడు వారాలకు మించి కారు కదలదని తెలిస్తే నెగెటివ్ తీగను విప్పడం అన్నిటికన్నా చవకైన ఉపాయం. చాలా కార్లలో ఇందుకు పది నంబరు పానా ఒక్కటి చాలు. ముందుగా నెగెటివ్‌నే విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. కారు బాడీ మొత్తం నెగెటివ్‌తో కలిసి ఉండడమే ఇందుకు కారణం. ముందు పాజిటివ్ విప్పబోతే పానా కొస బాడీకి తగిలి నిప్పురవ్వలు చెలరేగుతాయి. విప్పిన కొసకు గుడ్డ చుట్టి పక్కకు జరపాలి. డిక్కీ విద్యుత్ తాళంతో మాత్రమే తెరుచుకునే కారులో పానాను డిక్కీలో పెట్టి మూయకూడదన్నది చెప్పనవసరం లేని మాటే, అయినా చాలామంది చేసే పనే. గడియారాన్ని, రేడియోను మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది. కొన్ని మోడళ్లలో పాస్‌కోడ్ కూడా అడుగుతుంది గనుక కారుతో వచ్చిన పుస్తకాన్ని ముందే చూడాలి.

పార్కింగ్‌లో ప్లగ్ సౌకర్యం ఉన్నవారికి, నిండగానే తనంతట తాను ప్రవాహాన్ని తగ్గించుకునే చార్జర్ అనువైనది. మామూలు చార్జర్‌ను రోజుల తరబడి వదిలేస్తే ఆమ్లంలోని నీరు ఆవిరైపోతుంది. చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడని గదిలో, మంట దగ్గర ఆ పని చేయరాదు. మూతలు తెరిచే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరే నీరూ పోయకూడదు.

వారానికోసారి వాచ్‌మన్ చేత ఐదు నిమిషాలు ఇంజన్ తిప్పించే అలవాటు చాలా చోట్ల ఉంది. దాని వల్ల మేలు స్వల్పం. నిలిచిన ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, ఏసీ, లైట్లు వేస్తే అదీ మిగలదు. అరగంట పాటు రోడ్డు మీద నడిపించగలిగితేనే ఫలితం.

వర్షాకాలంలో సూరత్‌కు మరో చిక్కు ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడిచిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగింది. నది పొంగకున్నా, భారీ వర్షాలకు ఖాడీలు పొర్లి లింబాయత్ వైపు వీధుల్లో నీరు నిలవడం తెలిసిందే. బేస్‌మెంట్‌లో కారు ఉంచి వెళ్లేవారు నెగెటివ్ తీగను విప్పి ఉంచితే, మునిగినా విద్యుత్ పరికరాలకు నష్టం కొంత తగ్గుతుంది. నీట మునిగిన కారు తాళం మాత్రం తిప్పకూడదు, మెకానిక్‌కు చూపించాకే.

విద్యుత్ కార్లలోనూ పెద్ద బ్యాటరీతో పాటు సాధారణంగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగితే తలుపులే తెరుచుకోకపోవచ్చు. పెద్ద బ్యాటరీని పూర్తిగా నింపి గాని, ఖాళీ చేసి గాని వదలకుండా దాదాపు సగం దగ్గర ఉంచడం మంచిది.

వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి ఉంటే పక్క కారు నుంచి జంపర్ కేబుళ్లతో ఊపిరి పోయవచ్చు. ఎర్ర తీగను రెండు పాజిటివ్‌లకు కలిపి, నల్ల తీగ ఒక కొసను మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొసను ఆగిన కారు ఇంజన్‌పై రంగు లేని లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. ఇంజన్ అందుకున్నా బ్యాటరీ నిండినట్లు కాదు, చార్జర్‌తో పూర్తిగా నింపడం అవసరం. ఇక పనికిరాదని తేలితే పాతదాన్ని దుకాణదారుకే అప్పగించాలి. అందులోని సీసం విషతుల్యం కాబట్టే, 2022లో అమల్లోకి వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. చాలా దుకాణాలు పాతది తీసుకుని కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తాయి.