గుంటూరు గ్రహణ ఛాయాచిత్రాలు (1868)

గుంటూరు గ్రహణ ఛాయాచిత్రాలు అంటే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు గుంటూరులో మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నంట్ బృందం గాజు పలకల మీద తీసిన ఆరు చిత్రాలు. ఆకాశాన్ని ఫొటో తీయడం ఇంకా తప్పటడుగుల దశలో ఉన్న కాలమది. అదే రోజు అదే ఊళ్ళో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సన్ చేసిన పరిశీలన లోకప్రసిద్ధం. హీలియం మా ఊళ్ళోనే దొరికిందని గుంటూరు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ఆరు పలకల ఊసు ఎత్తేవాళ్ళు మాత్రం తక్కువ.

నీడ నడిచిన దారి

ఆ రోజు చంద్రుడి నీడ ఏడెన్ దగ్గర నుంచి అరేబియా సముద్రం దాటి, బీజాపూర్ మీదుగా గుంటూరు, మచిలీపట్నాలను తాకుతూ బంగాళాఖాతంలో దిగి, సయాం మీదుగా బోర్నియో వైపు సాగింది. సయాం సింధుశాఖ ప్రాంతంలో చీకటి 6 నిమిషాల 47 సెకన్ల దాకా నిలిచింది. గుంటూరులో అంత లేకపోయినా ఐదు నిమిషాలు దాటింది. సంపూర్ణ గ్రహణాలు చాలావరకు రెండు మూడు నిమిషాల్లో విడిచిపోతాయి కాబట్టి శాస్త్రజ్ఞులకు ఇది కలిసొచ్చిన కాలం. సయాం రాజు మోంగ్‌కుట్ తానే లెక్కకట్టి, అతిథులను వెంటబెట్టుకుని అడవిలో విడిది చేసి గ్రహణం చూశాడు. అక్కడే మలేరియా సోకి అక్టోబరు 1న చనిపోయాడు.

ఆగస్టు అంటే నైరుతి వానలు. పడమటి తీరాన మబ్బు విడవదు. కనుమలు దాటి ఇటు వచ్చేసరికి దాని జోరు తగ్గుతుంది. సముద్రపు తేమకు మరీ దగ్గరా కాకుండా, కొండల మబ్బుకు మరీ చేరువా కాకుండా ఉన్న నల్లరేగడి మైదానంలోని ఊరు కాబట్టి గుంటూరు మీద కన్ను పడింది. అప్పటికి గుంటూరు జిల్లా అనేదే లేదు. 1859లో దాన్ని రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపారు, మళ్ళీ 1904లో గాని విడదీయలేదు. ఊరికి రైలూ లేదు. గాజు పలకలు, అద్దాలు, మందు సీసాలు పగలకుండా ఆ దారుల్లో చేర్చడం మాటలు కాదు.

జాన్సన్ ఊళ్ళో ఉన్న జూల్ లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగి, మేడ మీద తన పరికరాలు పెట్టుకున్నాడు. టెన్నంట్ లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ మద్దతుతో, పటాలపు ఇంజినీరు మనుషులతో వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వేరే బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. అంతకు ముందు ఏడాదే ఒక చరకాంతి నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి ఈయన.

తెలుగు లెక్కలో అది విభవ నామ సంవత్సరం, శ్రావణ అమావాస్య, మంగళవారం. అంటే పోలాల అమావాస్య. గ్రహణం సంగతి పంచాంగాలు పట్టి చూసుకునే ఊళ్ళకు కొత్త కాదు. పట్టుస్నానం, విడుపుస్నానం, ఊరగాయ జాడీల మీద దర్భలు, గర్భిణులు గడప దాటకపోవడం, ఇవన్నీ ఇంటింటికీ తెలిసిన పద్ధతులే. ఎటొచ్చీ ఆ ఐదు నిమిషాల కోసం దేశాలు దాటి వచ్చి, నడి మైదానంలో డేరాలు వేసుకునే మనుషులే కొత్త.

పత్తితో తీసిన ఫొటో

గ్రహణాన్ని ఫొటో తీయడం గుంటూరుతో మొదలు కాలేదు. 1851 జులై 28న కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ రాగి రేకు మీద పట్టిన బొమ్మ మొదటిది. 1860లో స్పెయిన్‌లో వారెన్ డి లా ర్యూ, సెక్కీ చెరో చోట నిలబడి తీసిన చిత్రాలను పోల్చి చూస్తే, గ్రహణవేళ అంచున కనిపించే ఎర్రని శిఖలు సూర్యుడివేనని, చంద్రుడివి కావని తేలింది. టెన్నంట్ పని అక్కడి నుంచి ముందుకు సాగింది.

అప్పటి పద్ధతి తడి పలకది. పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెట్టి, కడిగి, ఈథరులోనూ సారాయంలోనూ కరిగిస్తే వచ్చే జిగురు ద్రవమే కొలోడియన్. పత్తి పండే నేల మీద ఆకాశాన్ని పత్తితోనే పట్టారన్నమాట. అయితే ఆ సీసాల్లోని దూది ఎక్కడి చేలదో ఎవరు చెప్పగలరు? శుభ్రంగా తుడిచిన గాజు పలకను వేళ్ళ కొసల మీద నిలబెట్టి, నడిమధ్య కొలోడియన్ పోసి, నాలుగు మూలలకూ పాకేలా వంచుతూ, మిగిలింది చివరి మూలనుంచి సీసాలోకి ఒంపుకోవాలి. పొర కాస్త బిగుసుకోగానే చీకటి గదిలో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తీసిన పలక తడి ఆరకముందే దుర్భిణికి తగిలించి, బొమ్మ పట్టి, మళ్ళీ చీకటి గదికి పరుగెత్తి, మందు పోసి తేల్చాలి. ఆరిందా, పలక చచ్చినట్టే. ఈథరు 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గుంటూరు ఆగస్టు ఎండలో డేరా లోపల ఆ సీసా మూత తీయడం ఎలాంటి పనో ఊహించుకోవచ్చు. ఐదు నిమిషాల చిల్లరలో ఆరు పలకలు మార్చారంటే, అందించేవాడు, తగిలించేవాడు, మూత తీసి లెక్కపెట్టేవాడు, అందరూ ముందే ఎన్నోసార్లు ఆ పని చేసి చూసుకుని ఉండాలి.

దుర్భిణి వెండిపూత పూసిన తొమ్మిది అంగుళాల గాజు అద్దంది. లండన్‌లో బ్రౌనింగ్ తయారుచేసింది. అద్దం సిద్ధం, మనుషులు సిద్ధం. ఆకాశమే పూర్తిగా సహకరించలేదు. సరిగ్గా ఆ వేళకు పలచని మబ్బు పొర అడ్డం వచ్చింది. వెలుతురు చాలక, సూర్యుడి చుట్టూ తెల్లగా వ్యాపించే కరోనా పలకల మీద సరిగా పడలేదు. అంచున ఉన్న శిఖలు మాత్రం పడ్డాయి. వాటిలో ఒకటి కొమ్ములా మెలితిరిగి లేచింది. దానికి ‘మహా కొమ్ము’ అనే పేరు నిలిచిపోయింది. దాని ఎత్తుకు సరితూగాలంటే ఇంచుమించు పది భూములను ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గ్రహణం మొదట్లో తీసిన పలకలో ఒక అంచు శిఖలు, చివర తీసిన పలకలో రెండో అంచు శిఖలు కనిపిస్తాయి. చంద్రుడు ఒక పక్క కప్పుతూ, ఇంకో పక్క విప్పుతూ కదిలిన తీరు ఆరు పలకలనూ వరసగా చూస్తే తెలిసిపోతుంది. టెన్నంట్ నివేదికను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తన గ్రంథమాలలో అచ్చువేసింది.

హీలియం మాట

ఆ శిఖలు దేనితో తయారయ్యాయో చెప్పింది ఫొటో కాదు, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని. జాన్సన్ తన పరికరంలో కాంతి గీతలను చూసి అవి వెలిగే వాయువులని, ముఖ్యంగా హైడ్రోజన్ అని గుర్తుపట్టాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడవచ్చని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. గ్రహణం విడిచాక ఆ రోజు మబ్బు కమ్మేసింది. మర్నాడు పొద్దున, ఆగస్టు 19న, పరికరపు సన్నని చీలికను సూర్యుడి అంచుకు తిప్పితే శిఖల గీతలు పగటి వెలుగులోనే కనిపించాయి. ఖగోళశాస్త్రానికి గుంటూరు ఇచ్చిన అసలు కానుక ఇదే. శిఖలను చూడడానికి గ్రహణాల కోసం పడిగాపులు పడే పని అక్కడితో తప్పింది.

ఈ కబురుతో ఆయన సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు. అది అక్టోబరు 26న సైన్స్ అకాడమీకి చేరింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న విడిగా ఇదే పని సాధించాడు. ఆయన కబురూ అదే సమావేశానికి వచ్చింది. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో 1872లో పతకం పోతపోసింది.

ఇక ఆ శిఖల కాంతిలో కనిపించిన పసుపు గీత. గ్రహణవేళ చాలామంది దాన్ని చూసి సోడియం గీతగా లెక్కవేసుకున్నారు. అది సోడియం చోటికి కచ్చితంగా సరిపోవడం లేదన్న అనుమానం మచిలీపట్నంలో పాగ్సన్‌కు కలిగింది. అది కొత్త మూలకానిదని తేల్చి, సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అని పిలిచే దాకా తీసుకెళ్ళింది లాకియర్. భూమి మీద విలియం రామ్సే దాన్ని 1895లో గాని పట్టుకోలేదు. జాన్సన్ తానుగా కొత్త మూలకం కనిపెట్టానని చెప్పుకోలేదు. కాబట్టి గుంటూరులో హీలియం కనుక్కున్నారనడం కొంచెం సాగదీసిన మాటే. గుంటూరు నిక్కచ్చిగా చెప్పుకోదగ్గవి రెండున్నాయి: ఆరు పలకలు, ఆ మర్నాటి పొద్దు.

తరువాతి కాలం

తడి పలక పోయి పొడి పలక వచ్చాక గంటల తరబడి కాంతి పట్టడం సాధ్యమైంది. 1880లో హెన్రీ డ్రేపర్ ఓరియన్ రాశిలోని నీహారికను ఫొటో తీశాడు. 1887లో పారిస్‌లో కూడిన ఖగోళజ్ఞులు ఆకాశమంతా పలకల మీదికి ఎక్కించాలని తీర్మానించి, దేశాలకు వాటాలు పంచారు. తెలుగునాట అందులో ఒక వాటా తరువాతి కాలంలో హైదరాబాదుకు దక్కింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల 1908లో ప్రభుత్వపరమై, తరువాత బేగంపేటకు చేరింది. ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో పలకలు తీసి, ఒక్కొక్క చుక్క చోటునూ చేత్తో కొలిచి, 12 సంపుటాల పట్టిక వేశారు. అందులో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలున్నాయి. ఆ ఆవరణలోనే, అక్కడ పనిచేసే తండ్రి చెయ్యి పట్టుకు తిరిగిన ఖగోళజ్ఞుడు వేణు బప్పు, 1949లో హార్వర్డ్‌లో తాను తీసిన పలక మీద తోకచుక్కను పట్టాడు. హైదరాబాదు దాపున జపాల్ రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణపు నీడ సరిగ్గా దాని మీదుగా వెళ్ళడంతో దేశం నలుమూలల పరిశోధకులు అక్కడ గుమికూడారు. ఆ పగలు ఊళ్ళలో జనం మాత్రం తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు.

ఇప్పుడు పలక లేదు, మందు లేదు. మామూలు డిజిటల్ కెమెరాను ముక్కాలిపీట మీద బిగించి, ఇరవై సెకన్లు తెరిచి పెడితే పాలపుంత పడుతుంది. గుంటూరు ఊళ్ళో మాత్రం కుదరదు. మిర్చి యార్డు, శీతల గిడ్డంగులు, రహదారి దీపాల వెలుగుకు పిల్లలకోడి చుక్కలు లెక్కపెట్టడమే కష్టం. నల్లమల అంచున మార్కాపురం, గిద్దలూరు వైపు వెళ్ళాలి. పాలపుంత నడిబొడ్డు ఫిబ్రవరి నెలాఖరు, మార్చి నెలల్లో తెల్లవారుజామున ఆగ్నేయాన లేస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మిరప కళ్ళాలు నిండి ఉంటాయి. కాయకు కాపలాగా పట్టా పక్కన నులకమంచం వేసుకుని పడుకున్న రైతు, వేగుచుక్కకు ముందే లేచి మంచు పడిందేమోనని కాయను చేత్తో తడిమి చూసుకునే వేళకు, ఆ తెల్లని చార అతని తల మీదికి పాకుతూ ఉంటుంది.