సింగపూరు నదియు బందరు కాలువయు

బెజవాడ విడిచి సింగపూరు చేరి నా కిరువదియేండ్లు దాటినది. ప్రాతఃకాలమున బోట్ కీ రేవుగట్టున గూర్చుండి, చిన్న పడవలో నిద్దరు పనివాండ్రు పొడవాటి కఱ్ఱకు గట్టిన వలతో నొక ప్లాస్టిక్ సీసాను, కొన్ని యెండుటాకులను నీటిపైనుండి యెత్తుచుండగా జూచినపుడెల్ల, మా యమ్మమ్మ పూజానిర్మాల్యమును సంచితో నా చేతికిచ్చి బందరు కాలువకు బంపిన దినములు స్మరణకు వచ్చును. సంచితో సహా విసరిన చేయి నాదే.

ఈ సింగపూరు నది నిడివి మూడు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. మన కాలువలముందు పిల్లకాలువ. అయినను 1819లో ఆంగ్లేయుడగు రాఫిల్స్ ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పినది మొదలు, నగర వాణిజ్యమంతయు దీని యొడ్డుననే పెరిగినందున, గిడ్డంగుల కశ్మలమును, వీథిబండ్లవారి యెంగిలియు, గుడిసెల మురుగును దీనిలోనికే చేరుచుండెను. పొరుగున కలాంగ్ నదీప్రాంతమున 610 పందుల దొడ్లుండెడివి. ఆనాటి దుర్గంధమును గూర్చి యిచ్చటి వృద్ధులు నేటికిని ముక్కు మూసికొనియే చెప్పుదురు.

1977 ఫిబ్రవరిలో ఒక జలాశయ ప్రారంభసభయందు ప్రధాని లీ క్వాన్ యూ, పదియేండ్లలో ఈ రెండు నదులలోను జనులు చేపలు పట్టుకొనగలుగవలెనని గడువు విధించెను. అధికారులు నీటిని దేవుకొనుచు గూర్చుండక, చెత్త బయలుదేరు గుమ్మమునకే పోయిరి: దాదాపు 5,000 మంది వీథివర్తకులకు కుళాయియు మురుగుగొట్టమును గల హాకర్ సెంటర్లలో తావు చూపిరి, గుడిసెలవారికి ప్రభుత్వగృహముల నిచ్చిరి, పందుల దొడ్లను తొలగించిరి, 1983లో సుమారు 800 సరకుపడవలను పాసిర్ పంజాంగ్ తీరమునకు తరలించిరి. అందఱును సంతోషముతో గదలిరనుట యబద్ధము. తరతరముల రేవును గోల్పోయిన పడవవాని దుఃఖము, నది శుభ్రమైనంతనే రద్దుగాదు.

ఇంత చేసినను వాన కురిసినపుడు చెత్త రాక మానదు. అందులకై కాలువలు నదిలో గలియుచోట్ల, ‘బూమ్’ అను తేలుడు గొట్టముల గొలుసును ఒడ్డునుండి యొడ్డునకు గట్టుదురు. నీరు క్రిందుగా సాగిపోవును, తేలెడునది నిలిచిపోవును; నిలిచినదానిని మనుష్యుడు వచ్చి యెత్తకున్న ఆ గొలుసే పెంటకుప్ప యగును.

గడువు దప్పక 1987 నాటికి నదుల శుద్ధి నెఱవేరెను. 2008లో మెరీనా ఆనకట్ట వెలసి సముద్రపు పోటు నాపగా, ఆ నదియే నేడు మంచినీటి జలాశయమున భాగమైనది.

బెజవాడలోని మా వీథివారికి నాదొక మనవి: నే నీసారి వచ్చునప్పటికి, కాలువగట్టున నిర్మాల్యమున కొక బుట్ట పెట్టించి, దానిని దినదినము నెత్తు మనిషికి జీత మేర్పఱుపుడు, మొదటి యేడాది జీతము నేను పంపెదను.