మన్యం జీపులకు టైర్ల మార్పిడి: జత కలవకపోతే గేర్‌బాక్సుకే ముప్పు

పాడేరు: తొలకరి మొదలైన నాటి నుంచి కార్తీకం దాటే వరకు మన్యంలోని లోతట్టు గ్రామాలకు సంత సరుకులు చేరాలన్నా, డోలీలో మోసుకొచ్చిన రోగిని ఆసుపత్రికి తరలించాలన్నా చాలాచోట్ల ఆధారం జీపులు, ఫోర్‌వీల్ డ్రైవ్ వ్యాన్లే. ఈ వాహనాలకు టైర్లు అరిగిపోయినప్పుడు చేతిలో ఉన్న సొమ్మును బట్టి ఒకటో రెండో మార్చి, మిగిలినవాటితో నెట్టుకురావడం యజమానులకు పరిపాటి. మామూలు కారుకు ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండికి మాత్రం చెల్లదు. టైర్లలో ఆదా చేసిన సొమ్ముకు ఎన్నో రెట్లు గేర్‌బాక్సు మరమ్మతుకు పెట్టవలసి వస్తుంది. ఘాట్ మలుపులో బ్రేకు పట్టకపోతే జరిగే నష్టానికి ఇక లెక్కే లేదు.

నాలుగూ ఒకటిగా ఎందుకుండాలి?

మన్యంలో తిరిగే ఈ తరహా బళ్లలో ఎక్కువ భాగం అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాల డ్రైవ్‌లోకి మార్చుకునేవి. మామూలు రోడ్డుపై వెనుక చక్రాలే బండిని నెడతాయి. బురదలోనో ఏటవాలులోనో చోదకుడు రెండో కడ్డీ వేస్తే ముందు, వెనుక ఇరుసులు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. వీటి మధ్య తేడాను సర్దే ఏర్పాటు ఈ బళ్లలో ఉండదు. ముందు టైర్ల చుట్టుకొలత ఒకలా, వెనుకవాటిది మరోలా ఉంటే ఆ తేడా అంతా గేర్లు, గొలుసు, షాఫ్టుల మీద ఒత్తిడిగా పేరుకుంటుంది.

ఈ తేడా ఎంత ఉంటుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 235/75 ఆర్ 15 కొలత గల కొత్త టైరు ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు. అదే రకం టైరు 6 మిల్లీమీటర్లు అరిగితే ఎత్తు 12 మిల్లీమీటర్లు తగ్గి 721కి వస్తుంది. కిలోమీటరు దూరానికి కొత్తది 434 చుట్లు తిరిగితే అరిగినది 441 చుట్లు తిరగాలి. అంటే ప్రతి కిలోమీటరుకూ ఏడు చుట్ల తేడా. మెత్తని బురదలో చక్రం కాస్త జారి ఈ తేడాను తీర్చుకుంటుంది. గట్టి తారు రోడ్డుపై జారడానికి వీలుండదు. స్టీరింగు బరువెక్కడం, రెండో కడ్డీ వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం, కింది నుంచి టకటకమని శబ్దం రావడం ఇందుకు సూచనలు. టైర్లు నాలుగూ సమానంగా ఉన్నా సరే, పొడి తారు రోడ్డుపై ఫోర్‌వీల్ డ్రైవ్ వేసి నడపరాదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి గనుక అక్కడా ఇదే ఒత్తిడి తప్పదు.

ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడిచే కొత్త తరహా కార్లలో ఈ తేడాను సర్దే కప్లింగులు ఉంటాయి. అవి కూడా నిరంతరం పనిచేయవలసి వస్తే వేడెక్కి పాడవుతాయి. వాటికి సైతం అరుగుదలలో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకపోవడం మేలు.

ఒకేసారి నాలుగూ కొనే స్థోమత లేనివారు కనీసం రెండింటిని ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే కొలతలో తీసుకుని ఒకే ఇరుసుకు వేయించుకోవాలి. కొత్తవి వెనుకకు వేయడం ఉత్తమం. వెనుక టైర్లు అరిగి ఉంటే తడి రోడ్డు మలుపులో బండి తోక తిప్పేస్తుంది. ముందు పట్టు తగ్గితే చోదకుడికి స్టీరింగులో తెలుస్తుంది, వెనుక పట్టు పోతే తెలిసేసరికే ఆలస్యమవుతుంది. ఇలా జతలు మార్చినవారు మిగిలిన రెండూ మార్చే వరకు ఫోర్‌వీల్ డ్రైవ్‌ను బురదకే పరిమితం చేసుకోవాలి. రేడియల్, నైలాన్ టైర్లను మాత్రం ఒకే బండికి కలిపి వేయరాదు.

పక్క గోడపై రాతలు

టైరు పక్క గోడపై అచ్చైన అంకెలు చదవడం వస్తే దుకాణదారు మాటపై ఆధారపడనక్కరలేదు. 235/75 ఆర్ 15 105 ఎస్ అని ఉందనుకుంటే, 235 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. వెడల్పులో నూటికి 75 వంతులు పక్క గోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము వ్యాసం అంగుళాలలో. చివరి 105 బరువు సూచిక, అంటే ఒక్కో టైరు 925 కిలోల వరకు మోయగలదు. 100 అని ఉంటే 800 కిలోలు, 109 అని ఉంటే 1,030 కిలోలు. ఎస్ అక్షరం గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితికి గుర్తు. ఘాట్ రోడ్డులో ఆ వేగంతో ఎవరికీ పని లేదు గానీ, బరువు సూచిక మాత్రం ప్రాణప్రదం. బండి తయారీదారు చెప్పిన సూచికకంటే ఒక్క అంకె కూడా తగ్గరాదు. నాలుగు టైర్ల మోత కలిపి చూసుకుని సరిపోతుందనుకోవడం పొరపాటు. సంత రోజున మూటలన్నీ వెనుక ఇరుసు మీదనే పడతాయి, దిగుడులో బ్రేకు వేస్తే బరువు ముందుకు తూలుతుంది.

పాత మహీంద్రా జీపుల టైర్లపై 6.00-16 వంటి రాత కనిపిస్తుంది. ఇక్కడ వెడల్పు, రిమ్ము వ్యాసం రెండూ అంగుళాలలోనే ఉంటాయి. ఈ బళ్లకు రేడియల్ వేయించదలచినవారు ముందుగా రిమ్ము వెడల్పు దానికి సరిపోతుందో లేదో చూపించుకోవాలి.

అదే గోడపై ఒక చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. కొన్నేళ్లుగా గోదాములో మగ్గిన సరుకును కొత్త ధరకే అంటగట్టకుండా ఈ అంకెలు కాపాడతాయి. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్లు నిండినదాన్ని గ్రిప్పు ఎంత ఉన్నా తీసేయాలని తయారీ సంస్థలే చెబుతున్నాయి. ఐఎస్ఐ ముద్ర కూడా చూసుకోవాలి.

ఏ దారికి ఏ నమూనా?

దుకాణాలలో హెచ్‌టీ, ఏటీ, ఎంటీ అని మూడు రకాలు చూపుతారు. మొదటిది తారు రోడ్డుకు, మూడోది బురదకు, మధ్యది రెండింటికీ. చూడటానికి దిట్టంగా ఉందని, బండికి అందం వస్తుందని కుర్రకారు ఎంటీ వైపు మొగ్గుతున్నారు. పెద్ద పెద్ద రబ్బరు గట్లు, మధ్యలో వెడల్పాటి గాడులు ఉండటంతో జిగురు ఎర్రమట్టి వాటిలో అతుక్కోకుండా చక్రం తిరిగేటప్పుడే రాలిపోతుంది. ఈ గుణం నిజమే. అయితే నేలను తాకే రబ్బరు తక్కువ కావడంతో వాన పడిన తారు రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు బండి ఎక్కువ దూరం వెళ్లి ఆగుతుంది. మోత ఎక్కువ, డీజిలు ఖర్చూ ఎక్కువే.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికో, అనంతగిరి ఘాట్ మీదుగా అరకుకో తిరిగే బండి ప్రయాణంలో సింహభాగం తారు రోడ్డే. చివరి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే మట్టిబాట అయితే ఏటీ రకమే సరైన ఎంపిక. రోజూ వాగులు దాటి, రోడ్డు పడని గూడేలకు వెళ్లే బండికి ఎంటీ తప్పదు. పర్యాటకులను మాత్రమే తిప్పే బళ్లకు హెచ్‌టీ చాలు. పని పూర్తికాక కంకర తేలి ఉన్న దారులలో టైరు దెబ్బతినేది అడుగు భాగం కాదు, పక్క గోడ. పక్క గోడ కోతకు పంక్చరు అతుకు పనికిరాదు. అందువల్ల ఈ దారులలో తిరిగేవారు నమూనాకంటే పక్క గోడ గట్టితనానికే ప్రాధాన్యమివ్వాలి.

కంపెనీ చెప్పిన కొలతకంటే పెద్ద టైరు వేయించడం మరో మోజు. 235/75 ఆర్ 15కు బదులు 31 అంగుళాల టైరు వేస్తే ఎత్తు సుమారు 7 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపుతుంటే బండి నిజంగా 64తో పోతూ ఉంటుంది. ఎక్కుడులో ఇంజను మొరాయిస్తుంది, దిగుడులో బ్రేకులపై భారం పడుతుంది. పైగా రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను అనుమతించదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పట్టుకునేది ఇలాంటి మార్పులనే.

గాలి, అరుగుదల

గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గట్లు అరిగి వాటితో సమానమైతే టైరు కాలం తీరినట్లే. వాన, బురద, ఘాట్ మూడూ ఉన్నచోట అంతవరకు ఆగకుండా 3 మిల్లీమీటర్ల వద్దనే మార్చుకోవడం వివేకం.

గాలి కొలత చోదకుడి వైపు తలుపు చట్రంపై అంటించిన చీటీలో గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. ఖాళీ బండికి, నిండు బండికి వేర్వేరుగా ఇస్తారు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చలికాలంలో చింతపల్లి ప్రాంతంలో మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ 20 డిగ్రీల తేడా ఉంటే, మధ్యాహ్నం 35 పౌండ్లు పట్టిన టైరు తెల్లవారేసరికి 32 దగ్గర చూపుతుంది. అది పంక్చరు కాదు. బురదలో పట్టు కోసం గాలి తగ్గించేవారు తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్క గోడ వేడెక్కి పేలుతుంది.

మేకు దిగితే ట్యూబ్‌లెస్ టైరు మెల్లగా గాలి వదులుతుంది, ట్యూబు ఉన్నది ఒక్కసారిగా కూలబడుతుంది. ఘాట్‌లో ఈ తేడా చాలా పెద్దది. అయితే రాళ్ల దెబ్బకు రిమ్ము అంచు సొట్టపోతే ట్యూబ్‌లెస్ గాలి నిలవదు గనుక అతుకుల సామగ్రి, చేతిపంపు బండిలో ఉంచుకోవడం తప్పనిసరి.

నగరం నుంచి వచ్చే సెకండ్ హ్యాండు టైర్లు చవకే. కొనదలచినవారు లోపలి వైపు చేయి పెట్టి అతుకులు, ఉబ్బులు ఉన్నాయేమో తడిమి చూడాలి. రబ్బరు వేయించిన టైర్లను ప్రయాణికుల బండి ముందు చక్రాలకు వాడరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకుంటే ఆ తగ్గింపు వర్తించిందో లేదో తెలుస్తుంది, తయారీ లోపం బయటపడితే పూచీ అడగడానికీ ఆ కాగితమే ఆధారం.

స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి. ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు స్టెప్నీతో కలిపి అయిదు టైర్లనూ స్థానాలు మార్పిస్తే అరుగుదల సమానంగా సాగుతుంది, తరువాతిసారి అన్నీ ఒకేసారి మార్చుకోవచ్చు. కొత్త టైర్లపై జిగట పోయే వరకు, అంటే తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వంద కిలోమీటర్లలోపు ఆగి నట్లు మరోసారి బిగించుకోవాలి.