ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు

రూన్‌స్కేప్ ఆడేవాళ్ళ మధ్య ఒక పాత మాట ఉంది: 99లో సగం 92. వినగానే లెక్క తప్పిందనిపిస్తుంది గానీ, తప్పలేదు. ఆ గేమ్‌లో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, వంట చెయ్యడం, ఇలా ప్రతి పనికీ విడిగా లెవెళ్ళుంటాయి, 1 నుంచి 99 దాకా. 99 చేరడానికి కావలసిన అనుభవ పాయింట్లు 1,30,34,431. 92లో అడుగుపెట్టడానికి కావలసినవి 65,17,253. అంటే అక్కడ నిలబడి తలెత్తి చూస్తే ఏడే మెట్లు కనిపిస్తాయి, నడవాల్సిన దారి మాత్రం ఇంకా సగం ఉంటుంది. ఇంగ్లండులో ఆండ్రూ గోవర్ తన సోదరులతో కలిసి తయారుచేసిన ఈ గేమ్ 2001లో మొదలైంది. ఇప్పటికీ జనం అందులో చెట్లు కొడుతూనే ఉన్నారు.

ఇంత నిదానాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారన్నది అందరూ అడిగే ప్రశ్నే. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకోటి. సంగీతం నేర్చుకోవడానికి చేరిన పిల్ల నెలల తరబడి సరళీ స్వరాలే పాడుతుంది. అదేం అన్యాయం అని ఎవరూ అనరు. ఎందుకంటే ఎదురుగా మాస్టారు కూర్చుని ఉంటారు. శ్రుతి పోతే ఆపుతారు, తాళం తప్పితే తొడ మీద వేసి చూపిస్తారు. ఆన్‌లైన్ గేమ్‌లు మెట్లు కట్టాయి, సరే. మరి మాస్టారు ఎవరు? ఆ పనికి జీతం ఎవరిస్తారు? నలభై ఏళ్ళకు పైబడిన ఈ గేమ్‌ల చరిత్రను ఈ రెండు ప్రశ్నల చుట్టూ చెప్పుకోవచ్చనిపిస్తుంది.

ఈ నిచ్చెనకు మొదటి మెట్లు పడింది ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో. 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి అక్కడి కంప్యూటర్ మీద 'మడ్' అనే గేమ్ రాయడం మొదలుపెట్టాడు. 1980లో దాన్ని రిచర్డ్ బార్టిల్ అందుకున్నాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఎక్కడున్నావో, ఎదురుగా ఏముందో తెర మీద వాక్యాలుగా వస్తుంది, ఏం చేస్తావో నువ్వు టైప్ చేస్తావు. నిధులు వెతికి తెచ్చి చిత్తడినేలలో పడేస్తే పాయింట్లు. అడుగున 'నోవిస్' దగ్గర మొదలై, అంచెలంచెలుగా ఎక్కి, చివరికి 'విజార్డ్' అయితే ఆ ప్రపంచం మీద అధికారమే చేతికొస్తుంది. పోరాటంలో చస్తే మాత్రం పాత్ర మొత్తం చెరిగిపోతుంది. మళ్ళీ సున్నా నుంచి.

ఇది ఊరికే సరదాకి పెట్టిన నిచ్చెన కాదు. పుట్టిన ఇంటిని బట్టి మనిషి స్థాయి తేల్చేసే బ్రిటిష్ వర్గ వ్యవస్థ మీద విసుగుతోనే ఆ గేమ్ అలా తయారైందని బార్టిల్ తర్వాతి కాలంలో చెప్పాడు. లోపలికి వచ్చాక నువ్వెవరి బిడ్డవన్నది ఎవరికీ తెలీదు, అక్కర్లేదు. ఎక్కినవాడిదే మెట్టు. ఇవాళ ఫోన్‌లో ప్రతి యాప్ మనకి అంటగడుతున్న 'లెవెల్' అనే మాట వెనక ఇంత పట్టుదల ఉండేదన్నమాట.

అయితే ఆ నిచ్చెనలో మొదట్లో కనిపించని చిక్కు ఒకటుంది. ప్రపంచం ఏళ్ళ తరబడి ఆగకుండా నడిస్తే, ముందు ఎక్కినవాళ్ళు ఎప్పటికీ ముందే ఉంటారు. పుట్టుక పోయి, చేరిన తేదీ వస్తుంది.

1997 సెప్టెంబరులో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ ఈ చిక్కుకి చక్కటి జవాబు ఇచ్చింది. అందులో లెవెళ్ళే లేవు. దాదాపు 50 నైపుణ్యాలుంటాయి, ఏ పని చేస్తే ఆ పనే వస్తుంది. కమ్మరి కొలిమి దగ్గర సుత్తి పట్టుకుని నిలబడితే 0.1 చొప్పున పెరుగుతూ 100 దాకా పోయేది. కానీ అప్పట్లో అన్నీ కలిపి 700 దాటడానికి వీల్లేదు. ఏడు పనుల్లో ఆరితేరొచ్చు, ఎనిమిదోది కావాలంటే ఉన్నవాటిలో ఒకదాన్ని వదులుకోవాలి. దారి నిదానమే, కానీ ముందున్నవాళ్ళ నెత్తిన ఒక కప్పు ఉంది. వెనకొచ్చినవాళ్ళు ఎప్పటికైనా అందుకోగలరు. ఈ గేమ్‌లన్నిటిలో నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచిన అంకె ఆ 700.

లెక్క న్యాయంగానే ఉంది గానీ ఊరు అలా లేదు. పొలిమేర దాకా కాపలాదారులుంటారు. ఆ గీత దాటితే ఎవరు ఎవర్నైనా చంపి దోచుకోవచ్చు. గొర్రెల బొచ్చు కత్తిరించి నాలుగు నాణేలు కూడబెట్టుకుందామని వచ్చిన కొత్తవాళ్ళు మొదటిరోజే దారిదోపిడీగాళ్ళ చేతిలో చచ్చేవారు. అందుకుకోవడానికి సమయం ఉంది, బతికుంటే కదా. 2000లో కంపెనీ ఏకంగా ప్రపంచాన్నే రెండు చేసింది. పాతది ఫెలుక్కా. దాని నకలుగా ట్రామెల్, అక్కడ ఒప్పుకోనివాళ్ళ మీద చెయ్యి వెయ్యడం కుదరదు. జనంలో ఎక్కువమంది ట్రామెల్‌కి వెళ్ళిపోయారు. ఆ భయంలో ఏదో ప్రాణం ఉండేదని ఫెలుక్కా మనుషులు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. కొత్తవాళ్ళకి కంపెనీలు ఇచ్చిన మొదటి జవాబు అదీ: గోడ కట్టడం.

గోడ దెబ్బల నుంచి కాపాడుతుంది గానీ, పని నేర్పదు. నేర్పే పని ఆ రోజుల్లో 'కౌన్సిలర్లు' చేసేవారు. నీలం అంగీ తొడుక్కుని, సాయం కావాలని పిలిచినవాళ్ళ పక్కన ప్రత్యక్షమయ్యే స్వచ్ఛంద సేవకులు. బ్యాంకు ఎక్కడుంది, కత్తి ఎలా పట్టుకోవాలి, నా శవం మీదున్న సామాను ఏమైంది, ఇలాంటి ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు చెప్పేవారు. వాళ్ళకు జీతం లేదు. అవతల కంపెనీ మాత్రం ఆ కొత్తవాళ్ళ దగ్గరే నెలనెలా చందా వసూలు చేసుకునేది. అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద 1999లో అక్కడి స్వచ్ఛంద సేవకులు కనీస వేతనం కోసం దావా వేశారు. మరుసటి ఏడాది అల్టిమా ఆన్‌లైన్ మాజీ కౌన్సిలర్లు కొందరు కూడా కోర్టుకెక్కారు. మేం చేసింది ఆట కాదు, ఉద్యోగం అన్నది వాళ్ళ వాదన.

ఈ దావాల్ని గేమ్‌ల చరిత్రలో ఒక పిట్టకథలా చెప్పి వదిలేస్తుంటారు. నాకైతే అసలు మలుపు ఇక్కడే ఉందనిపిస్తుంది. దారి చూపడం కూడా పనే అని, దానికి వెల ఉందని మొదటిసారి ఒకరు గట్టిగా అన్నారు. మనుషుల్ని పెడితే ఖర్చు, ఊరికే పెట్టుకుంటే దావా. ఆ తర్వాతి ఏళ్ళలో ఏ గేమ్‌లో చూసినా కొత్తవాళ్ళకి పాఠం చెప్పే భారం ఎక్కువగా ప్రోగ్రాం మీదే పడింది. రూన్‌స్కేప్‌లోనే చూడండి, ట్యుటోరియల్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి. చెట్టు కొట్టు, నిప్పు పెట్టు, రొయ్య పట్టు, కాల్చు. చెప్పేదంతా ప్రోగ్రాం బొమ్మలే. పాఠం పూర్తయితే దీవి నుంచి బయటికి పంపేస్తారు. మళ్ళీ వెనక్కి రానివ్వరు.

ఇంక ఈవ్ ఆన్‌లైన్ సంగతి. 2003 మేలో ఐస్‌లాండ్ వాళ్ళు తెచ్చిన అంతరిక్ష గేమ్. ఇందులో నైపుణ్యం పని చేస్తే రాదు, కాలం గడిస్తే వస్తుంది. ఫలానాది నేర్చుకుంటానని వరసలో పెట్టి కంప్యూటర్ కట్టేసి పడుకున్నా గడియారం నడుస్తూనే ఉంటుంది. దాంతో 2003లో చేరినవాళ్ళని 2006లో చేరినవాళ్ళు మొత్తం పాయింట్లలో అందుకోవడమన్న మాటే లేదు. ప్రభుత్వాఫీసు సీనియారిటీ లిస్టు లాంటిదన్నమాట, చేరిన తేదీయే అంతా. అది చాలదన్నట్టు, త్వరగా నేర్చుకోవడం ఎలాగో నేర్పే నైపుణ్యాలు కొన్ని విడిగా ఉండేవి. బుద్ధిమంతులైన కొత్తవాళ్ళు ముందు వాటి మీదే వారాలు, నెలలు ఖర్చుపెట్టేవారు. ఆ అవస్థ 2010 డిసెంబరులో గానీ పోలేదు.

కానీ ఈ లెక్కలో ఒక దొడ్డిదారి ఉంది. ఒక్కో నైపుణ్యానికి ఐదు అంచెలు. సులువైన నైపుణ్యం తీసుకుంటే నాలుగో అంచెకి కావలసిన పాయింట్లు 45,255, ఐదో అంచెకి 2,56,000. అంచెకి 5 శాతం చొప్పున లాభం ఇచ్చే నైపుణ్యమైతే, ఐదో వంతు కూడా లేని శ్రమతో ఐదింట నాలుగు వంతుల ఫలం చేతికొస్తుంది. అంటే అన్నీ తెలిసిన పాతకాపుని మొత్తం మీద అందుకోలేకపోయినా, ఒక్క పనిలో అతని పక్కన నిలబడటానికి ఎక్కువ కాలం పట్టదు. ఈ సంగతి తెర మీద రాసి ఉండదు. ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పేవాళ్ళు పుట్టుకొచ్చారు. 2004లో ఆటగాళ్ళే ఈవ్ యూనివర్సిటీ అని ఒకటి పెట్టుకున్నారు. పేరుకే తమాషా. నిజంగానే తరగతులు జరుగుతాయి, ఓడలు పోతే చవకరకం ఓడలు ఇస్తారు. నేర్చుకున్నవాళ్ళు వేరే దళాల్లోకి వెళ్ళిపోతారు, కొందరు ఉండిపోయి తర్వాతి బ్యాచికి పాఠాలు చెప్తారు. ఇంకోవైపు, సమ్‌థింగ్ ఆఫుల్ అనే వెబ్‌సైట్ జనం గుంపుగా దిగి గూన్‌స్వార్మ్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు అందరూ కొత్తవాళ్ళే. రిఫ్టర్ అనే చిన్న ఓడల్లో మందలు మందలుగా వెళ్ళి, పెద్ద ఓడ పారిపోకుండా దాని యంత్రాన్ని స్తంభింపజేసి పట్టుకునేవారు. ఆ పనికి పెద్ద విద్య అక్కర్లేదు, తెగింపు చాలు. అప్పట్లో అందరూ భయపడే బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ కూటమికి వీళ్ళు ఎదురు నిలిచారు. వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నది అక్కడ నిజమైంది. 2009లో ఆ కూటమి కూలడానికి చివరి దెబ్బ మాత్రం లోపలి మనిషి ఒకరు ప్లేటు ఫిరాయించడం. అయినా అప్పటిదాకా యుద్ధాన్ని మోసింది ఈ చిన్న ఓడలే.

ఇది దయాధర్మమని నేననను. గూన్‌స్వార్మ్ వాళ్ళు సాధుపుంగవులేమీ కారు. కొత్తవాళ్ళు వాళ్ళకి అవసరం, అంతే. కానీ అవసరమైనవాళ్ళని మనుషులు ఓపిగ్గా తయారుచేసుకుంటారు. నిదానం అప్పుడు శిక్షలా ఉండదు.

కంపెనీలు ఎంచుకున్న దారి వేరు. 2014లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 60 డాలర్లకి ఒక పాత్రను నేరుగా 90వ లెవెల్‌కి చేర్చే సదుపాయం అమ్మకానికి పెట్టింది. 2016 ఫిబ్రవరిలో ఈవ్ కూడా దిగొచ్చింది. పాతవాళ్ళు తమ బుర్రలోంచి 5,00,000 పాయింట్లు బయటికి తీసి అంగట్లో అమ్ముకోవచ్చు. కొనేది కొత్తవాళ్ళయితే మొత్తం ఎక్కుతాయి, 8 కోట్ల పాయింట్లు దాటినవాళ్ళకైతే 1,50,000 మాత్రమే. కాగితం మీద ఇది కొత్తవాళ్ళ పక్షమే. సీనియారిటీ లిస్టు నిజంగానే చిరిగిపోయింది. అయితే దాని స్థానంలో కూర్చుంది పర్సు. పుట్టుకను కాదని కట్టిన నిచ్చెన ముందు తేదీకి లొంగింది, తర్వాత డబ్బుకి.

పైగా డబ్బిచ్చి ఎక్కినవాళ్ళ చేతికి ఓడ వస్తుంది, నడపడం రాదు. వాళ్ళకీ పక్కన ఒక మనిషి కావాలి.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో 2023లో చెట్లు కొట్టే పనికి ఒక చిన్న మార్పు తెచ్చారు. నలుగురు చేరి ఒకే చెట్టు కొడితే, ఒక పరిమితి వరకు, అక్కడున్న అందరి గొడ్డలికీ కాస్త బలం వస్తుంది. 99 చేరి భుజాన కేప్ వేసుకున్న పెద్దాయనకీ వస్తుంది, నిన్నగాక మొన్న ఓక్ చెట్టు దాకా వచ్చిన పిల్లాడికీ వస్తుంది. 1,30,34,431లో ఒక్క అంకె తగ్గలేదు. కానీ ఇప్పుడు ఆ పెద్దాయనకి ఈ పిల్లాడు పక్కన ఉండటం లాభం. చేతులు పనిలో ఉంటే నోరు ఖాళీయే కదా. 92 అంటే సగమేనన్న మాట కొత్తవాళ్ళు మొదటిసారి వినేది బహుశా అలాంటి చెట్టు కిందే.