అడ్డబల్ల కలప: మానుకోట నుంచి కాళేశ్వరం దాకా

మహబూబాబాద్ పాత పేరు మానుకోట. మ్రాను అంటే చెట్టు గనుక, మ్రానులే కోటగోడలా చుట్టుముట్టిన ఊరు మ్రానుకోట అయిందనీ, అదే వాడుకలో మానుకోటగా మారిందనీ స్థానికులు చెబుతారు. 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జిల్లాలలో భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అనే మూడింటిని చెట్టు, నీరు అనే రెండు కోణాల నుంచి చూస్తే వాటి మధ్య తేడా వెంటనే తెలుస్తుంది. భూపాలపల్లికి ఉత్తరాన గోదావరి, దాని వెంట మహదేవపూర్ టేకు అడవి ఉన్నాయి. మహబూబాబాద్‌కు గూడూరు, కొత్తగూడ వైపు అడవులతో పాటు, కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ఉంది. జనగామది మెట్టనేల, అక్కడి ఇళ్లకు మంచి టేకు చాలావరకు బయటి నుంచి రావలసిందే. కాకతీయుల చెరువుల గురించి, వాటి తూముల గురించి, శాసనాల గురించి విస్తారంగా రాసిన చరిత్రకారులు ఆ నీటి మీద తిరిగిన పడవల చెక్కపనిని దాదాపుగా పట్టించుకోలేదు. అది పెద్ద లోపం.

పడవలో ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డంగా బిగించే పలకను ఇక్కడ అడ్డబల్ల అని పిలుద్దాం. చూపుకు అది కూర్చునే పీటే అయినా, పనిలో దూలం వంటిది. బయటి నీటి ఒత్తిడికి లోపలికి వంగబోయే రెండు పక్కలనూ ఎడంగా నిలిపి ఉంచేది, పడవ గట్టును తాకినప్పుడు ఆ దెబ్బను పంచుకునేది అదే. అందువల్ల పుచ్చిన అడ్డబల్లను తీసి చేతికందిన పలకను కొట్టేస్తే కొన్నాళ్లకు పడవ ఆకారమే చెడుతుంది. ఎండ, వాన, తడి కాళ్లు, వలల బరువు అన్నీ ముందుగా పడేది దీని మీదనే కాబట్టి పడవలో తరచుగా మార్చవలసి వచ్చే భాగాలలో ఇదొకటి.

ఈ ప్రాంతంలో పడవల చరిత్రకు కేంద్రం కాళేశ్వరం. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ క్షేత్రానికి ఎదురుగా, ఇప్పటి మహారాష్ట్రలో, సిరోంచ ఉంది. నది మీద వంతెన పడేదాకా ఈ రెండు ఒడ్డుల జనం ఒకరినొకరు చేరడానికి పడవే ఆధారం. 1860 నాటి ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించాడు, నదిలో సాగే సరుకు రవాణాకు సుంకం లేకుండా పోయింది. నాగపూర్, బేరార్ పత్తిని నది మీదుగా తూర్పు తీరానికి దించాలన్నది దాని వెనుక ఉన్న ఆశ. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో దుమ్ముగూడెం, మహదేవపూర్ ప్రాంతపు ఇచ్చంపల్లి వంటి చోట్ల నదికి అడ్డుగా ఉన్న రాళ్లవరుసలను పడవలు దాటేలా చేసే పనులు మొదలయ్యాయి. అయితే 1867లో రైలు బొంబాయి నుంచి నాగపూర్ చేరడంతో పత్తికి మరో దారి దొరికింది. ఖర్చు పెరుగుతూ పోయిన నది పనులు 1871లో ఆగిపోయాయి. ఆవిరి పడవల కల అక్కడితో ముగిసినా, వరద నెలల్లో టేకు దుంగలు, వెదురు మోపులు తెప్పలుగా దిగువకు సాగడం, ఒడ్డు నుంచి ఒడ్డుకు నాటు పడవలు తిరగడం మాత్రం ఆగలేదు.

టేకు ఇంత దగ్గరగా ఉండి కూడా పడవవాడికి సులభంగా దక్కలేదన్నది ఈ చరిత్రలో ముఖ్యమైన సంగతి. 19వ శతాబ్ది రెండవ సగంలో నిజాం రాజ్యంలో అటవీ శాఖ ఏర్పడి, విలువైన చెట్లను ప్రభుత్వ సొత్తుగా కాపాడడం మొదలుపెట్టాక, అడవి పక్క ఊరివాడికి సైతం టేకు అనుమతితోనో రుసుముతోనో దొరికే వస్తువైంది. కాబట్టి అడ్డబల్లకు ఏ చెక్క పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబును చెట్టు గుణంతో పాటు చట్టం కూడా నిర్ణయించింది.

గుణం మాటకొస్తే, టేకుకు మంచి పేరు ఊరికే రాలేదు. చెట్టు నడిమి భాగంలోని ముదురు రంగు గట్టి చెక్కను చేవ అంటారు. టేకు చేవలో సహజంగా ఉండే నూనె గుణం చెదనూ తడినీ దూరంగా ఉంచుతుంది, తడిసి ఆరినా అది పెద్దగా కదలదు. బాగా ఆరిన ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగితే, అంతే పరిమాణం గల నల్లమద్ది 24 కిలోల దాకా ఉంటుంది. నల్లమద్ది బలానికి పేరుపొందినా, ఆరేటప్పుడు పగుళ్లు తీసే స్వభావం కలది కావడం చేత పడవ అడుగు కట్టెలకు ఒప్పుతుందే గాని ఎండకు ఆరుబయట ఉండే బల్లకు తగదు. పైగా దానిలోని వగరు పదార్థం తడి ఇనుప మేకును తాకితే చుట్టూ నల్లని మరక పుడుతుంది. టేకు తర్వాత ఎంచదగినది ఏగిస. మామిడి చౌకే కాని తడిలో త్వరగా పుచ్చిపోతుంది. ఏ చెట్టయినా బెరడు కిందనున్న తెల్లని చెక్క పురుగుకు మేత, టేకుది సైతం అంతే. సామిల్లులో పలక కోయించేటప్పుడు దానిని తీసివేయించకపోతే చేవకు పెట్టిన డబ్బు వృథా.

కోసిన పలకలను నీడలో, ఒకదానికీ మరొకదానికీ మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చి, నెలల తరబడి ఆరనివ్వాలి. ఆ తర్వాత వచ్చే మెలకువను చాలామంది విస్మరిస్తారు. పలక చివర కనిపించే వార్షిక వలయాలను చూసి, చెట్టు నడిమి వైపు ఉన్న ముఖాన్ని పైకి ఉంచి బిగిస్తే, పలక ఆరి వంగినప్పుడు పైభాగం కొద్దిగా ఉబ్బి వాన నీరు జారిపోతుంది; తిప్పి బిగిస్తే అదే పలక తొట్టిలా నీరు పట్టి పుచ్చడం మొదలవుతుంది. ఒక్క వైపు మార్పుతో బల్ల ఆయుష్షులో ఇంత తేడా వస్తుంది. చిత్రిక పట్టడం, అంటే రందాతో నున్నగా చేయడం అయ్యాక, అంచులు గుండ్రంగా తీసి, నీరు ఎక్కువగా పీల్చే రెండు కొనలకూ మిగతా భాగం కన్నా ఎక్కువ పూత ఇవ్వాలి.

పూత విషయంలో ఇంటి సామానుకూ పడవకూ పొత్తు కుదరదు. మోదుగ వంటి చెట్ల మీద పెరిగే పురుగు నుంచి వచ్చే లక్కను స్పిరిటులో కరిగించి చేసే పాలిష్ కుర్చీకి అద్దంలా మెరుపునిస్తుంది, నీరు నిలిస్తే మాత్రం తెల్లగా పాలిపోతుంది. వేప, కానుగ నూనెలు పురుగును అదుపు చేసినా గాలికి గట్టిపడవు, జిడ్డుగానే ఉంటాయి. కాచిన అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చి పొరగా గట్టిపడుతుంది గనుక, టర్పెంటైన్‌తో పలుచన చేసిన మొదటి పూత చెక్కలోకి ఇంకాక, చిక్కని పూతలు ఒకటి ఆరాక ఒకటి వేయడం బల్లకు సరైన పద్ధతి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటికవే వేడెక్కి అంటుకోగలవు, కనుక పరిచి ఆరబెట్టడం తప్పనిసరి. పడవ అడుగున అతుకులకు వాడే గుగ్గిలాన్నీ తారునూ కూర్చునే చోట పూయకూడదు. ఎండకు కరిగి బట్టలకు అంటుకుంటాయి.

ఇక కలప ఎక్కడిది? చెరువుల మీద ఫైబర్ పడవలు పెరిగాయి. కొత్త బల్లలకు ఐఎస్ 710 ప్రమాణం గల, మరిగే నీటికీ విడిపోని ప్లైవుడ్ సులభంగా దొరుకుతుంది. అంచులు మూయకపోతే అదీ పొరలుగా చీలుతుంది. కాగా జనగామ ప్రాంతంలో పాత ఇళ్లూ గడీలూ, అంటే దేశ్‌ముఖుల కోటవంటి భవనాలూ, కూలినప్పుడు వచ్చే టేకు దూలాలు దశాబ్దాల పాటు ఆరి ఆరి కదలిక మానినవి. మేకులు వెతికి తీసివేస్తే అడ్డబల్లకు వాటిని మించిన చెక్క కొత్తగా కొన్నా దొరకదు. ఒకప్పుడు అడవి నుంచి మెట్టకు వెళ్లిన టేకు ఇలా తిరిగి నీటి మీదికి రాగలదు.

కాళేశ్వరం ఒడ్డునో బయ్యారం గట్టునో పాత పడవ నుంచి తీసిన అడ్డబల్లను పొయ్యిలో పెట్టకముందు, అది ఏ చెట్టుదో, దానిని ఏ చీలలతో బిగించారో, పని చేసిన వడ్రంగి దాని భాగాలను ఏ పేర్లతో పిలిచాడో రాసి ఉంచవలసిందిగా ఈ మూడు జిల్లాల అధ్యాపకులకూ పరిశోధకులకూ విన్నపం.