షా అన్న కేక నుంచి చెక్కు దాకా

12వ శతాబ్దపు ఇంగ్లండులో షెరీఫులకు ఏటా రెండు గండాలు. ఈస్టరుకు ఒకసారి, సెప్టెంబరు చివర మైకేల్మస్ పండక్కు ఇంకోసారి రాజుగారి ఖజానాకు వచ్చి, తమ జిల్లాల్లో వసూలైన శిస్తుకు లెక్క అప్పజెప్పాలి. ఎదురుగా పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పున్న బల్ల. బిళ్ళలు జారిపడకుండా దాని చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. బల్లమీద పరిచిన నల్లగుడ్డ నిండా గీతలు. గుమాస్తా ఆ గీతల మధ్య బిళ్ళలు పేర్చుకుంటూ పోయేవాడు. పెన్నీలకు ఒక వరుస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఆ పైన ఇరవైలకు, వందలకు, వేలకు. రోమన్ అంకెలతో కూడికలు తీసివేతలు నరకం. ఈ బల్లమీద మాత్రం అక్షరం ముక్క రానివాడికి కూడా తన బాకీ కళ్ళకు కట్టేది.

చదరంగం పలకను పోలి ఉందని ఆ బల్లకు ‘ఎక్స్‌చెకర్’ అన్న పేరు పడింది. అప్పటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఖజానా పద్ధతుల మీద గురుశిష్య సంవాదంగా ఒక లాటిన్ గ్రంథం రాశాడు. కోశాధికారికీ షెరీఫుకూ నడుమ జరిగేది కూడా చదరంగపు యుద్ధమేనని అందులో పోల్చాడు. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఈనాటికీ ‘చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అనే పిలుస్తారు.

ఆ పేరులో ఉన్న ‘చెక్’ పుట్టిల్లు పారశీకం. మన చతురంగం అక్కడికి వెళ్ళాక రాజు ‘షా’ అయ్యాడు. రాజుకు ముప్పు వచ్చినప్పుడు ‘షా’ అని హెచ్చరించేవారు. ఆ కేక అరబ్బుల మీదుగా యూరప్ చేరి, ఫ్రెంచివారి నోట ‘ఎషెక్’గా మారి, ఇంగ్లీషులో ‘చెక్’ అయింది. దాని ఫ్రెంచి బహువచనం నుంచే ‘చెస్’ వచ్చింది. అంటే ఆట పేరూ, ఆటలోని హెచ్చరికా ఒకే మాట.

చెక్ పడ్డాక మిగతా ఎత్తులన్నీ పక్కనపెట్టి రాజు సంగతి చూడాల్సిందే. అందుకే ఆ మాటకు ‘ఆపడం’, ‘అదుపుచేయడం’ అన్న అర్థాలు వచ్చాయి. ఆగి సరిచూసుకోవడం అన్నది ఆ తరవాతి మెట్టు. పలకమీది గళ్ళేమో ఇంకో దారిన బట్టల్లోకి దిగాయి. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో పశ్చిమ ఆఫ్రికా దాకా ఎగుమతయ్యాయి. అవి కూడా ఇంగ్లీషులో ‘చెక్స్’.

ఖజానాలో రసీదంటే కాగితం కాదు, కర్ర. పుల్లమీద గాట్లు పెట్టి నిలువునా చీల్చేవారు. వెయ్యి పౌండ్లకు అరచేయి మందం గాటు, వందకు బొటనవేలంత, ఒక్క పౌండుకు బార్లీ గింజంత. చెరో సగం దాచుకుని, లెక్క చూసేనాడు రెండూ కలిపితే గాటుకు గాటు అతకాలి. 1826లో ఈ పద్ధతికి తెరపడింది. 1834 అక్టోబరు 16న ఆ పాత పుల్లల్ని పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో తగలబెడుతుంటే భవనానికే నిప్పంటుకుంది. పాత పార్లమెంటులో చాలా భాగం కాలిపోయింది.

బ్యాంకు చెక్కులోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ‘చెక్’ అంటే డబ్బిచ్చే కాగితం కాదు, దొంగ కాగితాన్ని పట్టుకోవడానికి దగ్గర ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్. క్రమంగా ఆ పేరు చేతులు మారే కాగితానికి వచ్చింది. ఎక్స్‌చెకర్ ప్రభావంతో బ్రిటిషువారు దాని స్పెల్లింగు మార్చుకున్నారు. అమెరికావారు పాత పద్ధతిలోనే రాస్తున్నారు.

తెలుగులో ఈ మాట ఎప్పుడో ఇంటి మనిషైపోయింది. చెక్కు బౌన్సవుతుంది, చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగుతుంది, టీసీ టికెట్లు చెక్ చేస్తాడు. ఎన్నికలొస్తే పత్రికల్లో ఎవరో ఒకరు ప్రత్యర్థికి ‘చెక్ పెడతారు’. వీటన్నిటిలో ఆ పాత కేకకు బాగా దగ్గరగా ఉన్నది చెక్‌డ్యాం. అనంతపురం జిల్లాలో వానకు వాగు పొంగి పరుగెత్తుకొస్తుంది. అడ్డంగా కట్టిన చిన్న గోడ దగ్గర నీళ్ళు ఆగి, చుట్టుపక్కల బావుల్లోకి ఇంకుతాయి.