వరంగల్‌లో స్వచ్ఛ ఇంధన, రవాణా విధానాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో స్వచ్ఛ ఇంధనం, కాలుష్యరహిత రవాణా ప్రధానంగా రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల విధానాల మీదే నడుస్తున్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2020లో పదేళ్ల విద్యుత్ వాహన విధానం తెచ్చింది. అప్పట్లో పన్ను మినహాయింపు తొలి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు, 20 వేల ఆటోలకు అన్నట్టు లెక్క కట్టి ఇచ్చేవారు. 2024 నవంబరు 18 నుంచి ఆ పరిమితి ఎత్తేసి, 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. ప్రజా రవాణాకు కాజీపేట నుంచి వరంగల్ వరకు మెట్రో నియో (రబ్బరు టైర్ల మీద నడిచే విద్యుత్ వాహనాల మెట్రో) ప్రతిపాదన కూడా వచ్చింది.

ఇంటి కప్పు మీది సౌర విద్యుత్తుకు 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ వస్తుంది. ఎండ బాగుంటే అంత సామర్థ్యానికి రోజుకు సుమారు 12 యూనిట్లు పుడతాయి. మధ్యాహ్నం మిగిలిన కరెంటు నెట్ మీటరు గుండా లైన్లోకి పోతుంది, రాత్రి వాడుకున్నది దాంట్లోంచి తగ్గుతుంది. ఈ ప్రాంతానికి కరెంటు సరఫరా చేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది.

చిక్కల్లా రాత్రిపూటే. పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటర్‌కు అందే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. పాత వరంగల్ జిల్లాలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యమే 1,100 మెగావాట్లు. 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు సాధించాలని 2025 నాటి రాష్ట్ర విధానం లక్ష్యంగా పెట్టుకుంది.